మరిచిపోయినట్టు ధ్రువపత్రం

ఇట్లా రావే సింధూ, ఆ ఫోను పక్కన పడేసి నా మోకాళ్ళ దగ్గరకు జరుగు. ఇంకా దగ్గరకు. నా గొంతు ఇదివరకట్లా లేదు, దూరం నుంచి వింటే సగం గాలికి పోతుంది. ఈ సంగతి సగం విన్నవాళ్ళకు అబద్ధంలా ఉంటుంది. మొత్తం విన్నవాళ్ళకు ఇంకా పెద్ద అబద్ధంలా ఉంటుంది. అయినా నా కళ్ళముందు జరిగింది గనక చెప్పకుండా ఉండలేను.

వేలంపాలెంలో అప్పట్లో రంగుల పరిశోధన కేంద్రం ఉండేది. అందులో నేను పదహారేళ్ళు టీ కాచాను. రెండో తరగతిలో బడి మానేసినదాన్ని, పరిశోధన అంటే ఏమిటో అక్కడే చూశాను. తెల్లకోట్ల వాళ్ళు గిన్నెల్లో రంగు కలిపి, గుడ్డ ముంచి, ఎండలో వేసి, వెలిసిందా లేదా అని చూసి పుస్తకంలో రాసుకునేవారు. మా అన్నయ్య భావనారాయణ తన అద్దకం షెడ్డులో చేసేదీ అదే. రాసుకునే పుస్తకం మాత్రం ఉండేది కాదు.

మా అద్దకం సంగతి నీకు తెలియదు కదా. గుడ్డను ముందు కరక్కాయ రసంలో, గేదె పాలల్లో నానబెట్టి ఆరేస్తారు. పటిక నీళ్ళతో అచ్చులు వేస్తారు. తర్వాత బాగా జాడించి ఉతికి, వేర్ల రంగులో ఉడకేస్తే అచ్చు పడినచోటల్లా ఎరుపు తేలుతుంది. అప్పుడే తాంబూలం నమిలిన నాలుక ఎట్లా ఉంటుందో అట్లాంటి ఎరుపు. అప్పటికి రెండేళ్ళుగా మా వీధి మొత్తం మీద ఆ ఎరుపు చెడిపోతోంది. గుడ్డంతా బూడిద రంగు తిరిగి, ఎరుపు బురదలో పొర్లినట్టు వచ్చేది. మా అన్నయ్య పటిక కొనే దుకాణం మార్చాడు. కరక్కాయలు మార్చాడు. ఆఖరికి గేదెను కూడా మార్చాడు. ఎరుపు మాత్రం మారలేదు.

గుడ్డ కొనే షావుకారు కబురు పంపాడు: ఈసారి లాటు కూడా ఇట్లాగే వస్తే మీ వీధి గుమ్మం ఇక తొక్కను అని. మా అన్నయ్య ఆ కబురు విని, మా నాన్న చేతి అచ్చులు గుడ్డలో మూటగట్టి పక్కన పెట్టుకున్నాడు.

“ఈ లాటు చెడిందంటే మూట అటక మీదకే, నాంచారూ. రొయ్యల చెరువు కాపలాకు మనిషి కావాలంటున్నారు. నేను పోతా” అన్నాడు.

“నీకు ఈత కూడా రాదు కదరా అన్నయ్యా!”

“కాపలాకు ఈత ఎందుకే? కూర్చోడం వస్తే చాలు.”

యాభై ఏళ్ళు అచ్చు పట్టిన మనిషి కూర్చోడం గురించి మాట్లాడుతుంటే నాకు అన్నం సయించలేదు. పరిశోధన కేంద్రంలో ఈ ఎరుపు సంగతి చూడమని హైమవతి గారికి అప్పగించారు. ఆవిడ చిన్నపిల్ల, ఇరవై ఎనిమిదేళ్ళు, తాత్కాలిక ఉద్యోగం. నన్ను పిన్నీ అని పిలిచేది. రెండేళ్ళుగా మా వీధి గుడ్డముక్కలు తెచ్చుకుని వాటితోనే బతుకుతోంది.

సరిగ్గా అప్పుడే పైనుంచి ఆవిష్కరణ మనోవ్యాపార అధ్యయన విభాగం దిగింది.

దాని అధిపతి త్రివిక్రమరావు గారు. పొడుగాటి మనిషి, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి కాక నుదుటి వైపు చూసేవాడు. మీటింగులో నేను టీ అందిస్తుండగా ఆయన లేచి ఇట్లా అన్నాడు:

“మానవజాతి ఇంతవరకు ఆవిష్కరణలను మాత్రమే చూసింది. ఆవిష్కరణ పుట్టే క్షణాన శాస్త్రవేత్త మెదడులో జరిగే వ్యాపారాన్ని ఎవరూ చూడలేదు. ఇది తీవ్రమైన పరిపాలనా లోపం.”

మా డైరెక్టరు నిరంజనం గారు చేతులు నలుపుకుంటూ, “లోపమేనండి. ఇంతవరకు ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదండి” అన్నాడు.

“ఇప్పుడు ఇస్తున్నాం. ఇకపై ఈ కేంద్రంలో మా విభాగం చూడకుండా ఏదీ కనుగొనబడరాదు.”

మర్నాడే ఏర్పాట్లు మొదలయ్యాయి. తీగలున్న టోపీలు వచ్చాయి. ప్రతి బల్ల మీదా ఒక గంట పెట్టారు, ఆలోచన తట్టగానే నొక్కాలట. స్నానాల గదిలోనూ ఒకటి పెట్టారు. నా టీ గదిలో గంట బాధ్యత నాకే అప్పజెప్పారు. గోడకు పెద్ద బోర్డు తగిలించారు. ఆవిష్కరణకు నాలుగు దశలట: సన్నాహం, పొదుగు, వెలుగు, రుజువు. ఒకటి దాటకుండా ఇంకొకదానికి పోకూడదు. వీటన్నిటికీ ముందు, ఆలోచన రావడానికి ఒక రోజు ముందుగా పూర్వసూచన పత్రం మూడు ప్రతుల్లో ఇవ్వాలి. అందులో “తట్టబోవు ఆలోచన వివరము” అని ఒక గడి.

ఒక ముసలి శాస్త్రవేత్త మెల్లిగా అడిగాడు, “రేపు తట్టబోయేదేమిటో ఇవాళ రాయగలిగితే, అది ఇవాళే తట్టినట్టు కదండీ?”

“సందేహములకు వేరే పత్రం ఉంది” అన్నాడు త్రివిక్రమరావు గారు.

మొదటివారం ఒక్క గంటా మోగలేదు. జనం ఆలోచన వస్తుందేమోనన్న భయంతో కిటికీలోంచి బయటకు కూడా చూడటం మానేశారు. రెండోవారంలో డైరెక్టరు గారి గదిలో గంట మోగింది. అందరూ టోపీలు పట్టుకుని పరిగెత్తారు. గంటలకు దుమ్ము పడుతోంది, వారానికోసారి తుడిపించాలి అని ఆయనకు తట్టిందట. దాన్ని తొలి ఆవిష్కరణగా నమోదు చేసి, ఆయన బుర్ర బొమ్మ రంగుల్లో వేయించి వరండాలో కట్టారు. ఆ గంటలు తుడిచే పని కూడా నాకే పడింది.

ఆ బొమ్మ కట్టిన మర్నాడు కేంద్రంలో కుళాయి రాలేదు. టీ కాయాలి. పక్కనే ఉన్న మా అద్దకం వీధికి వెళ్ళి బోరు కొట్టుకుని బిందె తెచ్చాను. ఆ బోరు వేసి రెండేళ్ళే అయింది. అంతకుముందు మావాళ్ళు గుడ్డ మోసుకుని కాలువ దాకా నడిచేవారు. కాలువ నీళ్ళు ఎప్పుడూ మట్టిగానే ఉంటాయి. బోరు నీళ్ళు పోస్తే గ్లాసు ఖాళీగా ఉందేమో అనిపించేంత తేట. అందుకే వీధి వీధంతా ఉతుకు బోరుకు మార్చుకున్నారు, తాగడానికీ వంటకూ మాత్రం కుళాయి నీళ్ళే.

ఆ నీళ్ళు మరిగించి టీపొడి వేశాను. డికాషను నల్లబడింది. ఎప్పుడూ వచ్చే ఎర్రటి నలుపు కాదు, సిరాబుడ్డి వంచినట్టు నలుపు. పారబొయ్యనా అనుకుంటుంటే హైమవతి గారు గ్లాసు కోసం వచ్చింది. గిన్నెలోకి చూసింది. చూస్తూ అట్లాగే నిలబడిపోయింది.

“పిన్నీ, ఇవెక్కడి నీళ్ళు?”

“బోరువమ్మా. టీపొడి కల్తీదేమో, పారబోస్తాను.”

“పారబొయ్యొద్దు! టీలో ఉండేది వగరు. కరక్కాయలోనూ వగరే. ఆ వగరుకు ఇనుము తగిలితే నలుపు. పిన్నీ, ఆ నీళ్ళలో ఇనుముంది! కంటికి కనపడనంత కరిగి ఉంది. మీ అన్నయ్యగారు గుడ్డ ఉతకట్లేదు, తెలియకుండా దానికి నల్లరంగు పడుతున్నారు!”

నన్ను వాటేసుకుని గిరగిరా తిప్పింది. నా ముంగొంగు గంటకు తగిలి అది కిందపడింది గానీ మోగలేదు. ఆవిడ డైరెక్టరు గది వైపు పరుగు తీసింది. నేను గిన్నె పట్టుకుని వెనకాలే వెళ్ళాను.

డైరెక్టరు గారు ముందు సంతోషించాడు. తర్వాత త్రివిక్రమరావు గారి ముఖం చూసి మానేశాడు.

“గంట నొక్కారా?” అన్నాడు త్రివిక్రమరావు గారు.

“లేదండి. తోచగానే వచ్చేశాను.”

“పూర్వసూచన?”

“ముందుగా తెలియలేదండి.”

“టోపీ?”

“టీ తాగడానికి వెళ్ళానండి.”

ఆయన కలం మూత పెట్టాడు. “అయితే ఇక్కడ ఏ ఆవిష్కరణా జరగలేదు. మీరు దీన్ని మళ్ళీ కనిపెట్టాలి.”

“తెలిసినదాన్ని మళ్ళీ ఎట్లా కనిపెడతానండీ?”

“అదే చిక్కు. ముందు మీరు మరిచిపోవాలి.”

హైమవతి గారు మా డైరెక్టరు వైపు తిరిగింది. “సార్, వచ్చే ఆదివారం కాక పై ఆదివారం భావనారాయణ గారి లాటు ఉతుకు. పన్నెండు రోజులే ఉంది. అద్దకం వాళ్ళకు ఒక్క మాట చెప్పి రానివ్వండి, నీళ్ళు మార్చుకుంటారు.”

“చెబితే వాళ్ళ ఎరుపు బాగుపడుతుంది” అన్నాడు త్రివిక్రమరావు గారు. “బాగుపడిన ఎరుపు మీ కంటబడితే మీకు అంతా గుర్తొస్తుంది. అధ్యయనం కలుషితమవుతుంది. ఎరుపు చెడిపోయి ఉండటం ప్రస్తుతం ఈ అధ్యయనానికి అత్యవసర వనరు. దాన్ని కాపాడుకోవాలి.”

“కాపాడుకోవాలండి” అన్నాడు డైరెక్టరు.

గిన్నె పట్టుకుని నిలబడ్డాను గనక నన్నూ సాక్షిగా లెక్కేశారు. ఒక కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నారు. నాకు చదువు లేదు గనక గుమాస్తా చేత రెండుసార్లు చదివించుకున్నాను. “ఈ విషయమును నోటితో గాని, రాతతో గాని ఎవరికీ తెలియజేయను” అని ఉంది. వెయ్యకపోతే హైమవతి గారి ఉద్యోగం ఆ పూటే పోతుందన్నారు. వేశాను.

ఇక మరిపించే పని మొదలైంది. అందుకు ఒక నిపుణుణ్ణి రప్పించారు. కేంద్రంలో ఇనుము అన్న మాట నిషేధం. అవసరమైతే “ఆ లోహం” అనాలి. బీరువాలకు దుప్పట్లు కప్పారు. ఆవిడ ఉండే హాస్టలు వంటలో తోటకూర మానిపించారు, అందులో ఆ లోహం ఉంటుందట. టీ కూడా ఆపేసి నన్ను మజ్జిగకు మార్చారు. వీధిలోని బోరును నిషిద్ధ వస్తువుల జాబితాలో ఎక్కించి, ఆవిడ చూడకుండా కేంద్రంలో అటువైపు కిటికీలకు మేకులు కొట్టబోయి, మేకులు ఏ లోహంతో చేస్తారో గుర్తొచ్చి జిగురుతో అంటించారు. గేటు కూడా ఊడబీకారు. గేటు లేకపోవడంతో మేకలు లోపలికొచ్చి ఒక బల్ల మీది పూర్వసూచన పత్రాలు మేసేశాయి. ఆ పత్రాల్లోని ఆలోచనలన్నీ రద్దయినట్టు సాయంత్రానికి నోటీసు పెట్టారు.

రోజూ పొద్దున ఆవిణ్ణి కూర్చోబెట్టి నిపుణుడు అడిగేవాడు, “ఎరుపు ఎందుకు చెడుతోంది?”

“నీళ్ళలో ఆ లోహం ఉందండి.”

“జవాబుకు నాలుగు సెకండ్లు” అని రాసుకునేవాడు. “ఇంకా మరుపు రాలేదు.”

అయిదు రోజులు ఇదే తంతు. ఆరోరోజు మజ్జిగ ఇస్తూ నేను ఊరుకోలేకపోయాను. “మరిచిపోయానని చెప్పెయ్యరాదమ్మా? వాళ్ళ పీడ విరగడవుతుంది.”

“అబద్ధం ఆడమంటావా పిన్నీ?”

“వాళ్ళడిగేదే అది కదమ్మా!”

ఆ రోజు ఆవిడ నిపుణుడి ముందు కూర్చుని, చాలాసేపు పైకప్పు వైపు చూసి, “తెలియదండి” అంది. ఆవిడ చెప్పిన మొదటి అబద్ధం అదేనేమో, చెవులు కందిపోయాయి. నిపుణుడు లేచి కరచాలనం చేశాడు. మరిచిపోయినట్టు ధ్రువపత్రం ఇచ్చారు, గుండ్రటి ముద్రతో. మొదటి దశ ఆ పూటే దాటించారు.

“ఇప్పుడు చెప్పెయ్యనాండీ?” అంది ఆవిడ ఆశగా.

“తొందరపడకండి. రెండోది పొదుగు దశ. ఇరవై ఒక్క పనిదినాలు” అన్నాడు త్రివిక్రమరావు గారు.

“అన్నాళ్ళెందుకండీ?”

“కోడికి అంతే పడుతుంది. శాస్త్రవేత్తకు అంతకంటే తగ్గించడం గౌరవంగా ఉండదు.”

అన్నయ్య లాటుకు ఇంకా ఆరు రోజులుంది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని చూశాను. ఎట్లా పెట్టినా ఆరే వచ్చింది. హైమవతి గారు నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. విప్పకపోతే మా అన్నయ్య రొయ్యల చెరువు గట్టున కూర్చుంటాడు. ఆ కాగితంలోని మాటలు నాకు కంఠతా వచ్చు, నోటితో గాని, రాతతో గాని. అట్లా నాలుగు రోజులు మనసులో చదువుకున్నాను. శుక్రవారం పొద్దున పనికి పోకముందు అన్నయ్య ఇంటికి వెళ్ళాను.

“వదినా, రెండు గిన్నెలు, కాసిని కట్టెలు ఇవ్వు. టీ కాస్తాను.”

“ముగ్గురికి రెండు గిన్నెలెందుకే?” అంది వదిన.

నేను మాట్లాడలేదు. ఒక గిన్నెలో బోరు నీళ్ళు పోశాను. రెండోదానిలో కాలువ నుంచి తెచ్చి, బట్టలో వడగట్టిన నీళ్ళు పోశాను. రెండింటిలోనూ ఒకే పొట్లం టీపొడి వేశాను. పాలు పొయ్యలేదు. మా అన్నయ్యను చెయ్యిపట్టి తీసుకొచ్చి ముందు కూర్చోబెట్టాను.

“ఏంటే ఈ వేషాలు? నోరు పడిపోయిందా?” అన్నాడు.

వేలితో గిన్నెలు చూపించాను. ఒకటి ఎర్రగా ఉంది, ఒకటి నల్లగా ఉంది. ఆయన ముందు నవ్వాడు. తర్వాత వంగి చూశాడు. నల్లదానిలో వేలు ముంచి, పంచె అంచుకు రాసి, వెలుతురులో పట్టుకున్నాడు. మా అద్దకంలో నలుపు ఎట్లా చేస్తామంటే, తుప్పు మేకులు బెల్లం నీళ్ళలో వేసి పులియబెడతాం. కరక్కాయ తాగిన గుడ్డ మీద ఆ నీళ్ళు పడితే అక్కడ నల్లబడుతుంది. అన్నయ్య పుట్టింది మొదలు చూస్తున్న నలుపు అది.

“ఒసేయ్ నాంచారూ,” అన్నాడు, “ఇది మన నల్లకుండ నీళ్ళే కదే! ఈ బోరు నిండా మేకులు నానుతున్నాయా ఏంటి? రెండేళ్ళుగా తేట తేట అని మురిసిపోతూ గుడ్డనంతా నల్లకుండలో జాడిస్తున్నానా?”

వదిన నా వైపు చూసింది. “నీకు ముందే తెలుసా?”

నేను ఎర్రటి గిన్నెలో పాలు పోసి చక్కెర కలిపాను.

ఆదివారం వీధి వీధంతా బండ్లు కట్టుకుని కాలువకు వెళ్ళింది. డ్రమ్ముల్లో నీళ్ళు పట్టి, మట్టి తేరనిచ్చి, ఉతికారు. బుధవారం రంగులో ఉడకేశారు. అన్నయ్య మొదటి గుడ్డ పైకి తీసి తీగ మీద వేసి, లోపలికి వెళ్ళి అచ్చుల మూట విప్పాడు. ఎరుపంటే ఆ రోజు చూడాలి నువ్వు.

శుక్రవారానికి ఈ కబురు కేంద్రానికి చేరింది. అనుమతి లేని ఆవిష్కరణ జరిగిందని విభాగం మొత్తం షెడ్డుకు దిగింది. మా అన్నయ్యకు టోపీ పెట్టబోయారు. తలపాగా తియ్యనన్నాడు. తలపాగా మీదే పెట్టారు.

“మీకు ఈ ఆలోచన ఏ క్షణాన తట్టింది?” అన్నాడు త్రివిక్రమరావు గారు.

“తట్టడానికేముందండీ? కళ్ళకు కనపడింది.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలా. మా చెల్లెలు టీ పెట్టింది.”

నన్ను పిలిచారు. కాగితం తెప్పించి చూశారు. నేను నోరు విప్పలేదు, నాకు రాయడం రాదు. ఆ మధ్యాహ్నమే సవరణ ఉత్తర్వు వచ్చింది: నోటితో గాని, రాతతో గాని, టీతో గాని తెలియజేయరాదు. టోపీ యంత్రం మాత్రం మా అన్నయ్య బుర్రలో ఏ కదలికా చూపించలేదు. తలపాగా ఆరు మూరలు మరి. “ఈ వ్యక్తికి ఎట్టి ఆలోచనా రాలేదు” అని రాసి, ముద్రవేసి వెళ్ళిపోయారు. అన్నయ్య పాపం, “నిజమేనండి, రాలేదండి” అని గుమ్మం దాకా సాగనంపాడు.

పొదుగు దశ ముగిసిన రోజున హైమవతి గారిని టోపీ పెట్టి కూర్చోబెట్టారు. అందరూ చుట్టూ చేరారు. ఆవిడ గంట నొక్కింది. “నీళ్ళలో ఇనుము ఉందండి” అంది. చప్పట్లు కొట్టారు, బొమ్మ తీశారు. త్రివిక్రమరావు గారి కళ్ళు తడి అయ్యాయి. మిగిలింది నాలుగోది, రుజువు. అద్దకం వీధి నుంచి చెడిన గుడ్డ తెమ్మని మనుషుల్ని పంపారు.

చెడిన గుడ్డ దొరకలేదు. తెచ్చినవన్నీ ఎర్రగా ఉన్నాయి.

త్రివిక్రమరావు గారు గుడ్డలు తిరగేసి తిరగేసి చూశాడు. “మీరు చెప్పిన కారణం ఉంటే ఎరుపు చెడాలి. చెడలేదు. కనక మీ ఆవిష్కరణ తప్పు.”

“వాళ్ళు నీళ్ళు మార్చుకున్నారండీ!”

“మార్చుకున్నట్టు మా రికార్డులో లేదు. ఆ వ్యక్తికి ఎట్టి ఆలోచనా రాలేదని నమోదైంది. ఆలోచన రాని మనిషి నీళ్ళెలా మారుస్తాడు?”

“ఒక్క గ్లాసు బోరు నీళ్ళు తెప్పించండి సార్, ఇక్కడే చూపిస్తాను.”

డైరెక్టరు గారు జాబితా చూసి తల అడ్డంగా ఊపాడు. “బోరు నిషిద్ధ వస్తువమ్మా. ఇంకా ఎత్తెయ్యలేదు.”

నెల తిరగకుండా నివేదిక వచ్చింది, ఇటుకంత పుస్తకం. గుమాస్తా నాకు చివరి పుట చదివి వినిపించాడు. “ఎరుపు చెడుటకు కారణము ఇంతవరకు కనుగొనబడలేదు. అయితే కనుగొను విధానము సంపూర్ణముగా అధ్యయనము చేయబడినది” అని ఉంది. తప్పు కనిపెట్టినందుకు హైమవతి గారి ఉద్యోగం పొడిగించలేదు.

వెళ్ళే రోజున ఆవిడ పెట్టెతో షెడ్డుకు వచ్చింది. మా అన్నయ్య లేచి నిలబడి, తీగ మీంచి కొత్త గుడ్డ తీసి ఇచ్చాడు. “అమ్మా, నా చెల్లెలు ఊరికే టీ కాచదు. ఆ నలుపు ముందు చూసింది మీరేనని నాకు తెలుసు. బుర్ర లేదని ముద్రవేయించుకున్నవాణ్ణి, నా మాట ఎక్కడా చెల్లదు” అన్నాడు. ఆవిడ ఆ గుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు. తర్వాత ఆవిడ కరక్కాయ రసం సీసాలో పోసుకుని ఊరూరా అద్దకం వాళ్ళ నీళ్ళు చూసి చెబుతోందని విన్నాను. ఏ ఊళ్ళో ఉందో తెలియదు.

కేంద్రం మూసేశారు. మా అన్నయ్య పోయాడు. ఆ బోరు మాత్రం ఉంది, ఇవాళ్టికీ నీళ్ళు తేటగానే వస్తాయి. కొత్తగా అద్దకం పెట్టుకునే పిల్లలు వాటిని చూసి మురిసిపోతారు. పుస్తకం తీస్తే కారణం దొరకలేదని ఉంటుంది. అందుకనే నిన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నాను సింధూ. కరక్కాయ పట్టిన గుడ్డ బూడిద తిరిగితే ముందు నీళ్ళు చూడండి అని చెప్పు. దాన్ని కనిపెట్టింది హైమవతి అని చెప్పు. ఇంటిపేరు కొల్లిపర. పేరుతో సహా చెప్పు. నాకిప్పుడు ఒకసారి తిరిగి చెప్పి వినిపించు, ఎక్కడైనా తప్పితే దిద్దుతాను.